రెండు చుక్కలు తక్కువ

రెండు మానిటర్ల ధరా ఒకటే. అదే అసలు చిక్కయి కూర్చుంది. ధరలో తేడా ఉంటే హాజీ జుబైదీగారు నిమిషంలో తేల్చి పారేసేవారు, తర్వియా నెత్తిన ఆ బరువు పడేదే కాదు.

“దాని ముందు కూర్చునేదానివి నువ్వు. ఏది కావాలో నువ్వే చెప్పు,” అనేసి ఆయన అంగట్లో ఉన్న ఒక్క కుర్చీ లాక్కుని కూర్చుని, నల్ల టోపీ తీసి దాంతోనే విసురుకోసాగారు. పెకలోంగాన్‌లో మైనం అద్ది బట్టలకి రంగులేసే బాటిక్ కార్ఖానా నడిపే యజమాని నోటి నుంచి పనివాళ్ళకి ఇంత మాట దక్కడం మామూలు సంగతి కాదు. పదకొండేళ్ళుగా ఆయన దగ్గర కంప్యూటర్ మీద బట్టల నమూనాలు గీస్తున్న తర్వియా ఆ మాటకి పొంగిపోయింది. ఆ వెంటనే భయం కూడా వేసింది.

పాత మానిటర్ మొన్న మధ్యాహ్నం టప్పుమని ఆరిపోయింది. ఇప్పుడు బల్ల మీద రెండు కొత్తవి పక్కపక్కన వెలుగుతున్నాయి. ఎడమ చేతి వైపుది ముప్ఫై రెండు అంగుళాలు. కుడివైపుది ఇరవై ఏడు. అంగట్లో పనిచేసే మెయ్‌లాన్ అనే అమ్మాయి తర్వియా తెచ్చిన పెన్‌డ్రైవ్‌లోంచి ఒకే నమూనా రెండిట్లోనూ తెరిచిపెట్టింది.

“అక్కా, చూడ్డానికి పెద్దది ఇదే. కానీ బొమ్మని కట్టే చుక్కలు దీనికే తక్కువ. దీంట్లో అడ్డంగా పందొమ్మిది వందల ఇరవై. ఆ చిన్నదాంట్లో రెండువేల ఐదువందల అరవై. నువ్వులు తక్కువ వేసి రొట్టె పెద్దది చేశారనుకోండి. ఎడం ఎడంగా పడతాయి కదా?”

“రొట్టె పెద్దదైతే కడుపు నిండుతుంది. నువ్వులెవరు లెక్కపెట్టొచ్చారమ్మా!” అన్నారు హాజీగారు కుర్చీలోంచే. తన హాస్యానికి తనే నవ్వుకున్నారు.

తర్వియా చిన్నదాని ముందుకి వంగింది. అబ్బ, ఎంత బాగుంది! నెమలి తోకలో ఒక్కో ఈనే విడివిడిగా, పూత పూసిన కొయ్య మీద గీరినట్టు నిలబడింది. పక్కన పెద్దదాంట్లో అదే తోక కాస్త ఉబ్బినట్టు, అంచులు నూగు పట్టినట్టు ఉంది. ఏది మంచిదో గుడ్డివాడికైనా తెలుస్తుంది. కానీ పైన వరసగా ఉన్న బొమ్మలూ, వాటి కింద అక్షరాలూ? చిన్నదాంట్లో అవి చీమలబారు. ఆమె గడ్డం కాస్త పైకెత్తింది. తల వెనక్కి లాక్కుంది. అయినా లాభం లేకపోయింది. ఒక్క ముక్కా చదవలేకపోయింది.

ఏడాదిగా ఇదే వరస. మందుసీసా మీద రాత చదవమని ఇంట్లో కూతురికి ఇస్తోంది. కార్ఖానాలో మాత్రం ఎవరికీ తెలియనివ్వలేదు. పోయినేడు మైనం కలంతో గీసే పైనా అనే ఆమె కళ్ళజోడు పెట్టుకొచ్చింది, పాపం సంబరంగా. మూడు నెలలు తిరక్కుండా హాజీగారు ఆమెని బట్టలు మడతపెట్టే గదికి మార్చేశారు. కోపంతో కాదు, జాలితోనే. “కళ్ళు అలసిపోయాయి, విశ్రాంతి తీసుకో,” అన్నారు. కూలీ సగమైంది.

“పెద్దదే తీసుకుందాం హాజీగారూ. బేరానికొచ్చినవాళ్ళకి నమూనా దూరం నుంచే కనిపిస్తుంది,” అంది తర్వియా.

మెయ్‌లాన్ ఆశ్చర్యపోయింది. “మీది సన్నగీత పని కదా అక్కా! అక్షరాల గురించైతే ఒక మాట...”

“నాకు తెలుసులే చెల్లీ.”

కటువుగానే వచ్చింది మాట. మెయ్‌లాన్ నోరు మూసుకుని బిల్లు రాయడానికి వెళ్ళింది.

*

రుకోయా బేరం వచ్చింది ఆ వారమే. రేవులో మూడు పడవల సొంతదారు. గొంతు విప్పితే అవతలి సందులోకి వినిపిస్తుంది. కడుపుతో ఉన్న కూతురు ఇస్తియానాకి ఏడో నెల వేడుక. ఏడు బావుల నీళ్ళతో స్నానం చేయించి, ఏడు బట్టలు ఒకదాని తర్వాత ఒకటి చుట్టి చూపించే రోజున చుట్టాల ఆడవాళ్ళు నలభై మందీ ఒకే బట్ట కట్టుకోవాలని ఆవిడ పట్టు. నెమళ్ళు కావాలంది. ఆకులు కావాలంది. “పువ్వు నడుమ చుక్కలు మాత్రం ఏడుండాలి తర్వియా. ఆరూ వద్దు, ఎనిమిదీ వద్దు,” అని వేలు చూపించి మరీ చెప్పి వెళ్ళింది.

తర్వియా నమూనా గీయడానికి నాలుగు రోజులు పట్టింది. ఆకుల్లో మూడేసి చుక్కలు, నెమలి రెక్కల్లో ఐదేసి, తొమ్మిది పువ్వుల నడుమా ఏడేసి. పైన జంటగా రెండు, మధ్యలో ఎడంగా మూడు, కింద జంటగా రెండు. గీసేటప్పుడు బొమ్మని ఎంత పెద్దది చేసుకునేదంటే, ఒక్కో చుక్కా పనసగింజంత అయ్యేది. కొత్త తెర మీద అంత పెద్ద చుక్కని గుండ్రంగా దిద్దుతుంటే ప్రాణం లేచొచ్చేది. పైన అక్షరాలన్నీ హాయిగా కనిపిస్తున్నాయి. మంచి పనే చేశాననుకుంది.

ఐదో రోజు వార్సిదీ వచ్చాడు. రాగి రేకుల్ని నూలుపోగంత సన్నగా వంచి, చుక్కకొక మేకు చొప్పున పెట్టి, అతికి, బట్ట మీద మైనం అద్దే అచ్చులు చేసే మనిషి. అరవై నాలుగేళ్ళు. ఈ చుట్టుపక్కల కార్ఖానాల్లో సగం అచ్చులు ఆయన చేతివే. తర్వియా ఆయన్ని పెదనాన్నా అని పిలుస్తుంది. చుట్టరికం ఏమీ లేదు, ఆ వీధిలో అందరికీ ఆయన పెదనాన్నే.

ఆయనకి ప్రింటు కాగితం సరిపడదు. “సిరా కాగితంలోకి పాకుతుంది. చుక్క వాస్తుంది. వాచిన చుక్కకి నేను వాచిన మేకు పెట్టాలా?” అని ఒకప్పుడే తేల్చేశాడు. వెనకటికి అద్దం బల్ల కింద దీపం పెట్టి పాత నమూనా ఎత్తుకునేవాడు. ఇప్పుడు మానిటరే ఆయనకి అద్దం బల్ల. పల్చటి ట్రేసింగ్ కాగితం తెర మీద అంటించి, పెన్సిల్‌తో బొమ్మంతా ఎత్తుకుని, ఆ కాగితం ప్రకారం రాగి వంచుతాడు. ఆరేళ్ళుగా ఇదే పద్ధతి.

“కొలత పెట్టు,” అన్నాడు, ఉక్కు స్కేలు తెరకి ఆనించి.

తర్వియా బొమ్మని తగ్గించుకుంటూ వచ్చింది. అచ్చు ఎంత ఉండాలో అంతే, ఇరవై సెంటీమీటర్లు, ఈ అంచు నుంచి ఆ అంచుకి. ఆయన రెండుసార్లు కొలిచి చూసి తలూపాడు. కాగితం అంటించాడు. స్టూలు దగ్గరికి లాక్కుని, ఎడమ చెయ్యి తెర కింద ఆనించి, మొదలుపెట్టాడు. ఆయన పెన్సిల్ నడుస్తున్నప్పుడు మాట్లాడకూడదు. తర్వియా అవతలి బల్ల దగ్గర కూర్చుని తియ్యటి టీ తాగుతూ వచ్చే నెల బేరాల చిట్టీలు సర్దుకుంటోంది.

గంట గడిచాక పెన్సిల్ ఆగింది.

“తల్లీ, ఒక్కసారి ఇటొచ్చి ఈ చుక్కలు ఎన్నో చూసి చెప్పు. నాకెందుకో అనుమానంగా ఉంది.”

ఆయన వేలు ఎక్కడుందో ఆమెకి అక్కడినుంచి కనిపించలేదు. ఆకు మీదా? రెక్క మీదా? పువ్వు మీదా? దగ్గరికెళ్తే వంగాలి. వంగితే గడ్డం ఎత్తాలి. అప్పుడే గుమ్మం ముందు హాజీగారు అటూ ఇటూ తిరుగుతున్నారు.

“తెర మీద ఎన్ని ఉంటే అన్ని పెట్టెయ్ పెదనాన్నా. నేను సరిగ్గానే గీశాను. తెర అబద్ధమాడుతుందా?” అంది కూర్చున్నచోటి నుంచే.

ఆయన “అంతేలే,” అని మళ్ళీ పెన్సిల్ ఆనించాడు.

*

మూడు వారాల తర్వాత గురువారం పొద్దున్న రుకోయా ఇద్దరు వదినల్ని వెంటేసుకుని సరుకు తీసుకోవడానికి వచ్చింది. వస్తూనే, “హాజీగారూ, నా చేపల వాసన మీ బట్టలకి పట్టేలోగా తొందరగా ఇచ్చి పంపెయ్యండి!” అని కేకేసింది. అచ్చులేసేవాళ్ళు పద్నాలుగు మందీ పొయ్యిల మీద మైనం బాణళ్ళ దగ్గర్నుంచే నవ్వారు.

మొదటి బట్ట విప్పి బల్ల మీద పరిచారు. ముదురు నీలం మీద తెల్లటి నెమళ్ళు. రుకోయా మొహం విచ్చుకుంది. వదినలు అంచులు పట్టుకుని మురిసిపోయారు. హాజీగారు గడ్డం నిమురుకున్నారు. రుకోయా తీరిగ్గా సంచీలోంచి కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, పెట్టుకుని, బట్ట మీదకి వంగింది.

ఆవిడ గోరు ఒక పువ్వు నడుమ ఆగింది. పెదవులు కదిలాయి. పక్క పువ్వు మీదకి వెళ్ళింది. మళ్ళీ కదిలాయి. మూడో పువ్వు దగ్గర ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఐదే ఉన్నాయేం?”

“ఏంటమ్మా?” అన్నారు హాజీగారు.

“పువ్వులో చుక్కలు. ఐదే ఉన్నాయి. ఏడు పెట్టమన్నాను కదా? రెండు లేవు.” అంత గొంతూ గుసగుసలా అయిపోయింది. “మా పిల్లకి ఇంతకు ముందు రెండు పోయాయి హాజీగారూ. రెండు కడుపులు. మూడో నెలలో ఒకటి, నాలుగో నెలలో ఒకటి. ఇది మూడోది. ఏడో నెల దాకా వచ్చింది. వేడుకలో మా పిల్ల నలభై మంది ఒంటి మీదా చూసుకోవాలా? రెండు లేవు, రెండు లేవు అని?”

ఆవిడ అక్కడే నేల మీద చతికిలబడింది. వదిన ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బాణళ్ళ దగ్గర అచ్చులు ఎత్తినవి ఎత్తినట్టే ఆగిపోయాయి, మైనం బొట్లు బొట్లుగా నేల మీద కారింది. ఆ బట్టలు తర్వియా కళ్ళ ముందే ఉడికాయి, ఆరాయి, మడతపడ్డాయి. అందరూ రంగు చూశారు. అంచు చూశారు. చుక్క లెక్కపెట్టినవాడు ఒక్కడూ లేడు.

కబురందుకున్న వార్సిదీ అరగంటలో సైకిలు మీద వచ్చాడు. ఆ ట్రేసింగ్ కాగితం కూడా చుట్ట చుట్టి తెచ్చుకున్నాడు.

“నమూనా తెరువు,” అన్నారు హాజీగారు తర్వియాతో. “అందరికీ కనిపించేలా పెద్దది చెయ్యి.”

ఆమె మౌస్ తిప్పింది. పువ్వు తెర నిండా లేచింది. రెండు, మూడు, రెండు. ఒక్కో చుక్కా పనసగింజంత. పొయ్యిల దగ్గరున్నవాళ్ళకి కూడా కనిపించాయి.

“లెక్కపెట్టు వార్సిదీ.”

వార్సిదీ వేలుతో లెక్కపెట్టాడు. ఏడు. తన కాగితం విప్పి చూసుకున్నాడు. పైన ఒకటి, మధ్యలో మూడు, కింద ఒకటి. మళ్ళీ తెర చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు. కన్నతల్లి వచ్చి నువ్వు నా కొడుకువి కాదన్నా మనిషి మొహం అలా అయిపోదు.

“నేను చూసినప్పుడు ఐదే ఉన్నాయి,” అన్నాడు.

“కంప్యూటర్ ఏడంటోంది. నువ్వు ఐదంటున్నావ్. ఎవరి మాట నమ్మమంటావ్?”

వార్సిదీ తల తిప్పి తర్వియా వైపు చూశాడు. ఊరికే చూశాడు, అంతే. తర్వియా కీబోర్డు వైపు చూస్తూ ఉండిపోయింది. ఒక్క మాట చాలు. ‘ఆయన నన్ను పిలిచాడు, నేను వెళ్ళలేదు’ అంటే చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. పైనా మడతల గది గుమ్మంలో నిలబడి ఉంది. తర్వియా నోరు పెగల్లేదు.

“కళ్ళు పోతే పోయాయని చెప్పొచ్చుగా!” అని హాజీగారు ఒక్కసారి అరిచారు. “ముసలితనం తప్పా? చెప్పకుండా దాచిపెట్టి, నలభై బట్టలు నాశనం చేసి, ఒక ఆడకూతురి ఉసురు నాకు తగిలించావు కదయ్యా! ఇక ఈ గుమ్మం తొక్కకు.”

‘చెప్పకుండా దాచిపెట్టి’ అన్న మాట తర్వియాకి తనని అన్నట్టే ఉంది. వార్సిదీ మాత్రం చలించలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

“నా కళ్ళే అయ్యుంటాయి హాజీగారూ,” అని, రుకోయా ముందు చేతులు జోడించి, సైకిలు తోసుకుంటూ వెళ్ళిపోయాడు. ఎక్కలేదు. సందు చివరిదాకా తోసుకుంటూనే వెళ్ళాడు.

సాయంత్రం కూలీ పంచేవేళకే వీధంతా పొక్కింది. వార్సిదీకి చూపు పోయిందట. ఎదురింటి కార్ఖానావాళ్ళు ఆయనకిచ్చిన అచ్చు పని వెనక్కి తీసుకున్నారట. ‘అయ్యో పాపం’ అంటూనే అందరూ తమ తమ బట్టలు వెలుతురులో పెట్టి చుక్కలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు.

*

శుక్రవారం కార్ఖానాలకి సెలవు. తర్వియా ముందు బజారుకి వెళ్ళి, బండి మీద వేలాడదీసి అమ్మే కళ్ళజోళ్ళలోంచి తన కంటికి కుదిరింది ఒకటి కొనుక్కుంది. అక్కడినుంచి తిన్నగా మెయ్‌లాన్ అంగడికి నడిచింది. సంచీలో పెన్‌డ్రైవ్, స్కేలు, ఒక ట్రేసింగ్ కాగితం.

రాత్రి కంటి మీద కునుకు లేదు. ఆయన కళ్ళదే తప్పయితే తనకి సగం పాపమే. కానీ ఆ సగం కూడా మింగుడు పడలేదు. ఆయన ఎప్పుడూ పొరపడలేదు. పొరపడని మనిషి కూడా ఒక్క పువ్వులో పొరపడొచ్చు. తొమ్మిది పువ్వుల్లోనూ అదే తప్పు, అదే వరస, పైన ఒకటి, మధ్యలో మూడు, కింద ఒకటి! కళ్ళు పోయినవాడు అంత వరసగా తప్పు చేస్తాడా?

“చెల్లీ, ఆ రోజు చూపించిన రెండూ మళ్ళీ పెట్టగలవా?”

మెయ్‌లాన్ ఏమీ అడక్కుండా రెండూ వెలిగించింది. తర్వియా కళ్ళజోడు పెట్టుకుంది. పెద్దదాని మీద స్కేలు ఆనించి, బొమ్మని ఇరవై సెంటీమీటర్లకి తెచ్చింది. కాగితం అంటించి, ముక్కు ఆనేంత దగ్గరికి వంగింది.

పైన ఒకటి. మధ్యలో మూడు. కింద ఒకటి.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. పైన ఉన్న రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఒకే మచ్చగా ఉన్నాయి. కిందా అంతే. కాగితం తీసేసి చూసింది. అప్పుడూ మచ్చే. కాస్త సాగిన మచ్చ. కాగితం వేస్తే ఆ సాగింది కూడా పోతోంది.

ఆ పక్క చిన్నదాని మీద అదే కొలత పెట్టింది. అదే కాగితం అంటించింది. రెండు, మూడు, రెండు. గసగసాలంత ఉన్నాయి, కానీ ఏడూ ఏడు చోట్ల ఉన్నాయి.

తర్వియా బల్ల అంచు పట్టుకుంది.

“నేను చెప్పిన నువ్వులే అక్కా,” అంది మెయ్‌లాన్ జాలిగా. “ఆ పెద్దదాంట్లో అంత సన్న చుక్కని చూపించడానికి సరిపడా లేవు. బొమ్మ పెద్దది చేస్తే బాగానే కనిపిస్తుంది. అసలు కొలతకి తెస్తేనే ఇలా.”

మద్దెల ఓడైతే ఆడినవాడి కాళ్ళు విరగ్గొట్టారు. ఆ మద్దెల కొనుక్కొచ్చింది తను. ఎందుకు? చీమలబారు అక్షరాలు చదవలేక.

“ఈ చిన్నదే తీసుకునేదాన్ని చెల్లీ,” అంది. “పైన రాతలు కనిపించవు నాకు. కళ్ళు సరిగా లేవు. అందుకే...”

ఈ మాట ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పలేదు ఆమె. మెయ్‌లాన్ వింతగా చూసి, మౌస్ అందుకుని ఎక్కడో రెండుసార్లు నొక్కింది. చిన్న తెర మీద రాతలన్నీ ఒక్కసారి పెద్దవయ్యాయి. బొమ్మ కొలత మాత్రం చెక్కుచెదరలేదు. చుక్కలు ఏడూ ఉన్నచోటే ఉన్నాయి.

“అంతేనా?” అంది తర్వియా.

“అంతే.”

“రెండు నొక్కులేనా? మరి ఆ రోజే చెప్పొచ్చు కదా!”

“చెప్పబోయాను అక్కా. నాకు తెలుసులే అన్నారు.”

తర్వియా ఆ పెద్ద అక్షరాల్ని చూస్తూ నిలబడిపోయింది. మెయ్‌లాన్ కుర్చీ తెచ్చి వేసింది. మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

*

శనివారం ఆమె పనికి వెళ్ళకుండా వార్సిదీ ఇంటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద కూర్చుని, రాగి రేకుల ముక్కల్ని గోనెసంచీలోకి ఎత్తుతున్నాడు. పట్టకార్లు, కత్తెరలు, టంకం కడ్డీ పాత గుడ్డలో మూటకట్టి పక్కన పెట్టి ఉన్నాయి.

“పాత రాగి కొనేవాడు వస్తానన్నాడు. కూర్చో తల్లీ,” అన్నాడు తలెత్తకుండా.

ఆమె కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పేసింది. తెర సంగతి, రెండు చుక్కలు కలిసిపోవడం, కొన్నది తనేనని, ఎందుకు కొన్నదీ. కళ్ళజోడు తీసి చూపించింది. ఆయన రేకుల్ని ఒక్కొక్కటే సంచీలో వేస్తూ విన్నాడు.

“అయితే నా కళ్ళకి ఏమీ కాలేదంటావ్.”

“ఏమీ కాలేదు పెదనాన్నా. నువ్వు చూసింది చూసినట్టే గీశావు.”

ఆయన చేతిలో ఉన్న రేకు అలాగే ఉండిపోయింది. రెండు రోజులుగా ఆయన ఆ కళ్ళతో ఏమేం పరీక్షలు చేసుకున్నాడో ఏమో, అరుగు మీద సూదీ, నల్లదారం పడి ఉన్నాయి. సూదిలో దారం ఎక్కించే ఉంది. ఆయన చేత్తో మొహం తుడుచుకున్నాడు.

“నువ్వు నన్ను పిలిచావు,” అంది తర్వియా ఏడుస్తూ. “నేను లేచి రాలేదు. తెర అబద్ధమాడుతుందా అన్నాను. ఆ మాట నువ్వు హాజీగారితో చెప్పొచ్చుగా! అంతమంది ముందు నిన్ను అన్నేసి మాటలంటుంటే ఎందుకు చెప్పలేదు?”

తన ఇంట్లో చదువుకునే కూతురుందని చూశాడేమో, ఆడపిల్లనని జాలిపడ్డాడేమో అనుకుంది. రెండు రోజులుగా మనసులో అదే అనుకుంటూ వచ్చింది. అలా అనుకుంటే కాస్త ఊపిరాడేది.

వార్సిదీ మొదటిసారి తలెత్తి చూశాడు.

“నువ్వు చెబుతావేమోనని చూశాను.”

తర్వియా చేతిలోని కళ్ళజోడు మడిచింది.

“ఆ పూట చూశాను. సాయంత్రం దాకా ఇంట్లో చూశాను. నిన్నా చూశాను, సెలవు కదా వస్తుందేమోనని. రాలేదు. ఇక నా కళ్ళే కాబోలు, ఆ పిల్లకి చెప్పడానికి ఏమీ లేదు కాబోలు అనుకున్నాను. రాగివాణ్ణి రమ్మన్నాను.”

ఆయన గొంతులో కోపం లేదు. కోప్పడితే బాగుండేది. ఆమె అరుగు మెట్టు మీద కూలబడి కొంగులో మొహం దాచుకుంది. ఆయన ఆపలేదు, ఓదార్చలేదు. పాత రాగివాడు గంట కొట్టుకుంటూ సందులోకి వచ్చాడు. వార్సిదీ చేత్తోనే ఆగమన్నాడు.

“రేపు పొద్దున్నే హాజీగారికి చెప్పేస్తాను,” అంది తర్వియా.

“ఆయనకొక్కడికి చెబితే ఏం లాభం? ఆయన అరిచింది అందరి ముందు.”

ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది. “అయితే పద. ఇప్పుడే అందరూ అన్నాలకి కూర్చుని ఉంటారు.”

ఆయన రాగివాణ్ణి పొమ్మని, పనిముట్ల మూట తీసి చంకన పెట్టుకున్నాడు.

వాళ్ళు వెళ్ళేసరికి అచ్చులేసేవాళ్ళు పద్నాలుగు మందీ చావడిలో వరసగా కూర్చుని, పనసపొట్టు కలిపిన మెగొనో అన్నం పొట్లాలు విప్పుతున్నారు. హాజీగారు ఓ మూల ఈజీ చైర్లో ఉన్నారు. వార్సిదీని చూడగానే మొహం చిట్లించి ఏదో అనబోయారు. తర్వియా అననివ్వలేదు. చావడి మధ్యకి వెళ్ళి నిలబడి, కళ్ళజోడు పెట్టుకుంది.

“నాకు దగ్గరివి కనిపించవు,” అంది. అందరికీ వినిపించింది. “ఏడాదిగా కనిపించవు. అందుకే చక్కగా చూపించే తెర వదిలేసి, అక్షరాలు పెద్దగా కనిపించే తెర కొనిపించాను. అది కొలతకి తెస్తే ఏడు చుక్కల్ని ఐదుగా చూపిస్తుంది. కావాలంటే ఎవరైనా చూడొచ్చు. పెదనాన్నకి అనుమానం వచ్చి నన్ను పిలిచాడు, లెక్కపెట్టమన్నాడు. నేను వెళ్ళలేదు. ఆయన తప్పు లేదు. మొన్న మీరంతా చూస్తుండగా ఆయన్ని తిడుతుంటే నోరు మూసుకున్నాను.”

అన్నం ముద్దలు చేతుల్లోనే ఉండిపోయాయి. హాజీగారు నమ్మలేదు. లేచి లోపలికి వెళ్ళారు. ఆమె వెంట వెళ్ళి, స్కేలు పెట్టి, కొలతకి తెచ్చి, కాగితం అంటించింది. ఆయన వంగి చూశారు. తన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశారు. ఆయన వీపు చాలాసేపు అలా వంగే ఉంది.

బయటికొచ్చి, “మొన్నే ఎందుకు చెప్పలేదు?” అన్నారు.

“భయం హాజీగారూ. పైనాని చూశాను కదా.”

మడతల గది గుమ్మంలోంచి పైనా ఆ మాట విని తల దించుకుంది. హాజీగారు కూడా అటు చూడలేకపోయారు.

“నీ సంగతి తర్వాత,” అన్నారు తర్వియాతో. “రుకోయా ఇంటికి ఎవరు వెళ్తారు?”

“నేనే వెళ్తాను. వేడుకకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.”

ఆయన తలూపారు. ఎవరినైనా కేకేసి తెప్పించొచ్చు, అక్కడ పద్నాలుగు మంది ఉన్నారు. కానీ ఆయనే అచ్చులు దాచే గదిలోకి వెళ్ళి, ఆ బరువైన రాగి అచ్చుని రెండు చేతులా పట్టుకొచ్చి, వార్సిదీ ముందు నేల మీద పెట్టారు. పెట్టి, లేవకుండా అక్కడే కింద కూర్చున్నారు. క్షమించమని అనలేదు. ఆ మాట అనడం ఆయనకి రాదు.

“ఎన్ని రోజులు పడుతుంది?” అన్నారు.

“మేకులు పీకి మళ్ళీ పెట్టాలి. రెండు రోజులు,” అన్నాడు వార్సిదీ. మూట విప్పి, సన్న పట్టకారు తీసుకుని, అచ్చుని వెలుతురు వైపు తిప్పుకున్నాడు. మొదటి పువ్వులో పైనున్న మేకు బియ్యపు గింజలో సగం లేదు. పట్టకారు ఒక్కసారే వెళ్ళింది, పక్క మేకుని తాకకుండా దాన్నొక్కదాన్నే పట్టి బయటికి తెచ్చింది. పద్నాలుగు మందీ అన్నం పొట్లాలు వదిలేసి చూస్తూ ఉండిపోయారు.